నిలబడ్డానికి నేల దొరకలేదా?

సంక్రాంతికి అంతర్వేది దగ్గరి మా ఊరు వచ్చిన మర్నాడు, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు నా మోకాలి కింది మచ్చ మా పెద్దమ్మ కంట పడింది. అదెలా తగిలిందని అడిగితే, ఆస్ట్రేలియాలో సముద్రపు కెరటం మీద నిలబడబోయి పడ్డానని చెప్పాను. ఆవిడ చేతిలోని చేట పక్కన పెట్టి, "ఏమే, నిలబడ్డానికి ఆ దేశంలో నీకు నేలే దొరకలేదా?" అంది.

మా వైపు సముద్రం దండం పెట్టుకునేదే గానీ ఆడుకునేది కాదు. భీష్మ ఏకాదశి వేళ స్వామివారి కల్యాణం చూడవచ్చినవాళ్ళు కూడా మూడు మునకలు వేసి, తడిబట్టలతో గుడి వైపు నడుస్తారు. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కొబ్బరితోటలు ఎలా పడిపోయాయో ఇప్పటికీ చెప్పుకునే ఇంట్లో పెరిగిన నాకు ఈత వచ్చింది కాలవలోనే. వేసవిలో కట్టేసిన కాలవలకు మళ్ళీ నీళ్ళు వదిలాక, గెల కోసేసిన అరటిచెట్టు బోదెను మా తాతయ్య రేవులో వేసి, దాని మీద నన్ను బోర్లా పడుకోబెట్టేవారు. ఎవరూ చూడనప్పుడు ఆ బోదె మీద లేచి నిలబడాలని ఎన్నిసార్లు చూశానో, అన్నిసార్లూ అది గిర్రున తిరిగి నన్ను నీళ్ళపాలు చేసింది.

సిడ్నీలో ఉద్యోగానికి చేరిన మూడో ఏట, అక్టోబరులో ఒక శని, ఆదివారాలు నలుగురం తెలుగువాళ్ళం ఒక కారులో, పెద్ద డబ్బా నిండా పులిహోర పెట్టుకుని, దక్షిణంగా సుమారు రెండు గంటల దూరంలోని జెరోవాకు వెళ్ళాము. అక్కడి సెవెన్ మైల్ బీచ్ ఇసుక ఎంత గట్టిగా, చదునుగా ఉంటుందంటే, 1933 జనవరి 11న చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ తన 'సదరన్ క్రాస్' విమానాన్ని ఆ ఇసుక మీద నుంచే లేపి న్యూజిలాండ్ వెళ్ళాడు. కొత్తగా సర్ఫింగ్, అంటే బోర్డనే పొడవాటి పలక మీద నిలబడి కెరటంతో పాటు జారడం, నేర్చుకునేవాళ్ళకు పనికొచ్చేదీ ఆ చదునే. ఒడ్డుకు దగ్గరయ్యేకొద్దీ కెరటం అడుగుభాగం నేల తగిలి మందగిస్తుంది. నీటి లోతు కెరటం ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గేసరికి పైభాగం ముందుకు తూలి విరుగుతుంది. నేల నిటారుగా లేచిన చోట ఆ విరగడం ఒక్క పెట్టున జరిగి మనిషిని కిందకేసి కొడుతుంది. మెల్లగా లేచిన చోట కెరటం నురగ కక్కుకుంటూ, తీరుబడిగా చాలా దూరం వస్తుంది.

చలి సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. ఆ నెలలో అక్కడి నీళ్ళు 18 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి, ఒంటికి అతుక్కుపోయే రబ్బరు వెట్‌సూట్ తొడుక్కోవాలి. పావుగంట పెనుగులాడి నేను దాన్ని తొడుక్కుని బయటికి వచ్చేసరికి, మాకు నేర్పే అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది: జిప్పు వీపు మీదికి రావాలట, నాకు ముందుకు వచ్చింది. మళ్ళీ విప్పి తొడుక్కోవడానికి ఇంకో పావుగంట పట్టింది.

మొదటి గంటంతా ఇసుక మీదనే గడిచింది. ఇసుకలో బోర్డు ఆకారం గీసుకుని, దాని మీద బోర్లా పడుకుని, చేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపున రెండు పాదాల మీదికి లేవాలి. ఏ కాలు ముందు ఉండాలో తేల్చడానికి ఆ అమ్మాయి వెనక నుంచి చిన్నగా తోసింది. పడకుండా ఆపుకోవడానికి ఏ కాలు ముందుకు పడితే అదే ముందు కాలన్న మాట. వెనక కాలి మడమ పైన కట్టే తాడును లీష్ అంటారు; మనిషి పడిపోయినా బోర్డు కొట్టుకుపోకుండా అది పట్టి ఉంచుతుంది. 1914–15 వేసవిలో హవాయి ఈతగాడు డ్యూక్ కహనమోకు సిడ్నీలోని ఫ్రెష్‌వాటర్ బీచ్‌లో ఈ విద్య చూపించినప్పుడు ఆ తాడూ లేదు, మాకిచ్చినటువంటి మెత్తని ఫోమ్ బోర్డూ లేదు. అక్కడే పైన్ చెక్కతో చెక్కుకున్న బరువైన పలక మీద ఆయన, తన ముందు 15 ఏళ్ళ ఇసబెల్ లెతమ్ అనే స్థానికుల అమ్మాయిని నిలబెట్టుకుని కెరటం ఎక్కాడు. ఆయన 1912 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన సంగతి కన్నా, ఆ పిల్ల ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మతో ఏం చెప్పిందన్నదే నాకు ఎక్కువ కుతూహలంగా ఉంటుంది.

ఆ శనివారం నేను ఇరవైసార్లకు తక్కువ కాకుండా పడ్డాను. బోర్డు మీద ముందుకు జరిగి పడుకుంటే దాని ముక్కు నీళ్ళలోకి గుచ్చుకుంటుంది, వెనక్కి జరిగితే కెరటం మనల్ని వదిలేసి తన దారిన తను పోతుంది. రెండూ కుదిరి లేవగలిగినప్పుడు నేను నా పాదాల వంక చూసుకునేదాన్ని. చూపు ఎటు ఉంటే ఒళ్ళు అటే ఒరుగుతుంది కాబట్టి మళ్ళీ నీళ్ళలోకే. అలా పడ్డ ఒకసారి బోర్డు తిరగబడి, దాని అడుగున ఉండే రెక్క నా కాలిని గీరింది. పెద్దమ్మ చూసిన మచ్చ అదే.

ఆదివారం చేసిన పొరపాటు అంతకన్నా పెద్దది. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ఒకచోట నీళ్ళు కాస్త ముదురు రంగులో, నిమ్మళంగా కనిపించాయి. కాలవలో పెరిగిన కంటికి నిమ్మళంగా ఉన్న నీళ్ళే క్షేమం కాబట్టి నేను బోర్డు చంకన పెట్టుకుని అటే నడిచాను. వెనక నుంచి ఈల మీద ఈల. ఒడ్డుకు వచ్చి పడిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదట. రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కితే ఒడ్డు కేసి ఎదురీదకూడదు, తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, లేదా అడ్డంగా ఈది బయటపడాలి. చేయి తిరిగినవాళ్ళు మాత్రం శ్రమ లేకుండా కెరటాల అవతలికి వెళ్ళడానికి అదే దారిని వాడుకుంటారట.

మధ్యాహ్నం ఒక కెరటం మీద, దూరంగా కనిపించే చెట్ల వంక చూస్తూ లేచాను. నడుము లోతు నీళ్ళ నుంచి చీలమండల లోతు దాకా, నోట్లో ఏడు అంకెలు లెక్కపెట్టుకున్నంత సేపు, నిలబడే ఉన్నాను. కాళ్ళ కింద బోర్డు, కంకరరోడ్డు మీద పోయే సైకిలులా సన్నగా అదిరింది. దిగడం ఎలాగో ఎవరూ నేర్పలేదు కాబట్టి చివరికి కూలబడ్డాను.

ఈసారి సెలవుల్లో పల్లిపాలెం ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో ఆ నిమ్మళమైన నీళ్ళ సంగతి చెప్పాను. ఆయన తలెత్తకుండానే, "ఆయ్, అక్కడ లోపలికి లాగుద్దమ్మా. మేం తెప్ప దించేది ఆ దారినే కదా. పెద్దయి నాలుగు పోనిచ్చి, సద్దుమణిగినప్పుడు తోస్తాం," అన్నారు. నేను డబ్బు కట్టి, చలిలో వణుకుతూ తెలుసుకున్నది మా ఊరికి సైకిలు దూరంలో ఎప్పటినుంచో ఉన్నదే. మరి ఇక్కడ బోర్డు వేయవచ్చా అని అడిగితే, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు చెయ్యి చూపించి, అటు మాత్రం వద్దన్నారు. వరద వచ్చినప్పుడల్లా అక్కడ ఇసుక మేటలు చోటు మారతాయి, నది తోపూ సముద్రపు పోటూ ఒకదానికొకటి ఎదురవుతాయి. నాకూ ఆ మాటే సబబనిపించింది.

సాయంత్రం పెద్దమ్మనూ, ఆవిడ మనవడినీ వెంటబెట్టుకుని గుడికి వెళ్ళి, అటునుంచి ఒడ్డుకు నడిచాము. తడి ఇసుకలో పుల్లతో బోర్డు గీసి, వెనక నుంచి చిన్నగా తోస్తే, వాడికి కుడికాలు ముందుకు పడింది. నాలుగోసారికి వాడు నాకన్నా చక్కగా లేచి, మోకాళ్ళు వంచి, చేతులు చాపి నిలబడ్డాడు. పెద్దమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, కెరటం అందని చోట నిలబడి అంతా చూసింది. "బానే ఉంది గానీ, ఇంకోటి గీయి, వీడిది చెరిగిపోయింది," అని, నీళ్ళకు ఇంకో పది అడుగులు ఇవతలగా చోటు చూపించింది.