ఆచార్యాయ ప్రియం ధనమ్: టీచర్‌కి ఏమివ్వాలి?

మా పిల్లల క్లాస్ పేరెంట్స్ గ్రూప్‌లో ఏడాదికోసారి ఈ చర్చ వస్తుందండి, టీచర్‌కి గిఫ్ట్ ఏమిద్దాం అని. ఈసారీ వచ్చింది. ఒకరు మగ్ అన్నారు, ఒకరు పెన్ సెట్ అన్నారు, ఇంకొకరు ఫొటో ఫ్రేమ్ మీద పిల్లలందరి పేర్లు రాయిద్దాం అన్నారు, మెసేజ్‌ల మీద మెసేజ్‌లు, అందరిదీ మంచి మనసే, ఎవర్నీ తప్పుపట్టడం లేదు, కానీ అంతసేపు మాట్లాడుకున్నాక కూడా అసలు ఆవిడకి ఏమిష్టం అని ఎవ్వరం అడగలేదు. నేనూ అడగలేదు.

అదే వారం పొద్దున్న పూజ దగ్గర తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి పెట్టుకుని వింటున్నా. అందులో పదకొండో అనువాకం, అంటే పదకొండో చిన్న భాగం, మనందరికీ ఏదో ఒక రకంగా తెలిసిందే, మాతృదేవో భవ, పితృదేవో భవ, ఆచార్యదేవో భవ అన్నది అందులోదే. కానీ దానికి ముందే ఒక వాక్యం ఉంది, ఎన్నిసార్లో విన్నా, ఆరోజే చెవిలో పడింది.

సత్యం వద, ధర్మం చర, స్వాధ్యాయాన్మా ప్రమదః, ఆచార్యాయ ప్రియం ధనమాహృత్య ప్రజాతంతుం మా వ్యవచ్ఛేత్సీః.

నిజం చెప్పు, ధర్మంగా నడువు, చదువు విషయంలో ఏమరుపాటు వద్దు, ఆచార్యుడికి ప్రియమైన ధనం తెచ్చి ఇచ్చి, సంతాన పరంపర అనే దారాన్ని తెంపకుండా చూసుకో. ఇదీ అర్థం. వేదం చెప్పడం అంతా అయిపోయాక, శిష్యుడు ఇంటికి బయల్దేరేముందు గురువు చెప్పే చివరి మాటలు ఇవి. ఆ "ప్రియం" అన్న చిన్న మాట దగ్గర నేను ఆగిపోయా. ధనం తెచ్చివ్వు అని ఊరుకోవచ్చు కదా, ప్రియమైన ధనం అన్నారు, ఎవరికి ప్రియం అంటే ఇచ్చేవాడికి కాదు, పుచ్చుకునే ఆచార్యుడికి. అంటే ముందు ఆయనకి ఏది ప్రియమో తెలుసుకోవాలి, అది తెలియాలంటే ఆయన్ని కాస్త గమనించి ఉండాలి.

భాగవతంలో కృష్ణుడు, బలరాముడు గురువు సాందీపని దగ్గర 64 రోజుల్లో 64 కళలు నేర్చుకున్నాక ఏంచేశారు? తమకి తోచింది తెచ్చి ముందు పెట్టలేదు, మీకేం కావాలో చెప్పండి అని అడిగారు. సాందీపని కూడా వెంటనే చెప్పలేదు, లోపలికెళ్ళి భార్యతో మాట్లాడి వచ్చి, ప్రభాస తీర్థంలో సముద్రంలో పోయిన మా బిడ్డని తెచ్చివ్వమన్నాడు. ఆ ఇంట్లో ఉన్న లోటు ఏంటో అడిగితేనే కదా బయటపడింది. మనం అంతటివి తేలేం సరే, అడగడం అయితే చేతనవుతుంది.

ఇంకోటి కూడా గమనించండి, ఈ మాట ఎప్పుడు చెప్పారు? చదువు పూర్తయ్యాక. మనుస్మృతి రెండో అధ్యాయంలో కూడా ఇదే ఉంది, చదువు ముగించి స్నాతకుడు కాబోయే ముందువరకు గురువుకి ఏమీ ఇవ్వక్కర్లేదు, అప్పుడు శక్తి కొద్దీ తేవాలి అని. బృహదారణ్యకోపనిషత్తులో అయితే జనక మహారాజు యాజ్ఞవల్క్య మహర్షి మాటలు విని పొంగిపోయి, ఏనుగంత ఆబోతుతో పాటు వెయ్యి ఆవులిస్తా అంటాడు, ఒకసారి కాదు, ఆరుసార్లు. ఆరుసార్లూ యాజ్ఞవల్క్యుడిది ఒకటే జవాబు, పూర్తిగా బోధించకుండా పుచ్చుకోకూడదని మా నాన్నగారి అభిప్రాయం అని.

ఇది నాకు బాగా తగిలింది, ఎందుకంటే కొన్నేళ్ళ క్రితం నేను మా పెద్దవాడి టీచర్‌కి పరీక్షలకి వారం ముందు ఒక చీర తీసుకెళ్ళి ఇచ్చా. నా మనసులో వేరే ఉద్దేశమేమీ లేదు, వాడికి చదవడం వచ్చిందే ఆవిడ వల్ల, ఆ సంతోషం ఆపుకోలేక ఇచ్చా. ఆవిడ కవర్ తెరవకుండానే రెండు చేతులతో నా చేతిలో పెట్టేసి, "ఇప్పుడొద్దమ్మా, వాడి పేపర్లు ఇంకా నేను దిద్దాలి" అన్నారు. అప్పుడు చిన్నబుచ్చుకున్నా. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు ఆ కవర్ వంకే చూస్తూ కూర్చున్నా. ఇప్పుడు జనకుడి కథ వింటుంటే ఆవిడే కళ్ళముందు కనపడ్డారు, యాజ్ఞవల్క్యుడి నోట్లో ఉన్న మాటే ఆవిడ నోట్లోనూ ఉంది, ఆవిడ అది చదివారో లేదో నాకు తెలీదు. అందుకే ఇప్పుడు ఎవరడిగినా చెప్తున్నా, పెద్ద గిఫ్ట్ ఏదైనా ఇవ్వాలనుకుంటే రిజల్ట్స్ వచ్చేశాక, క్లాస్ మారాక ఇవ్వండి, అప్పుడు పుచ్చుకునేవాళ్ళకీ మనసు తేలిగ్గా ఉంటుంది.

సరే, ఏమివ్వాలి అన్న దగ్గరికి వస్తా. మనుస్మృతిలో ఆ పక్క శ్లోకంలోనే ఒక జాబితా ఉందండి, పొలం, బంగారం, ఆవు, గుర్రం అని మొదలుపెట్టి గొడుగు, చెప్పులు, కూర్చునే ఆసనం, ధాన్యం, కూరగాయలు, బట్టలు అని. పొలం నుంచి కూరగాయల దాకా! ఉన్నవాడు పొలమివ్వచ్చు, లేనివాడు కూరగాయలివ్వచ్చు, రెండూ ఒకే శ్లోకంలో ఒకే వరసలో కూర్చున్నాయి, రెండిటికీ ఫలం ఒకటే చెప్పాడు, గురువుకి ప్రీతి కలిగించాలి అని.

అందులో గొడుగు, చెప్పులు, ఆసనం దగ్గర నాకు భలే అనిపించింది. మూడూ గురువు శరీరానికి సుఖం ఇచ్చేవే. ఎండకీ వానకీ తడవకుండా, కాలికి ముల్లు గుచ్చుకోకుండా, కూర్చుంటే నడుం నొప్పెట్టకుండా. స్కూల్ టీచర్ ఒక రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి తలుచుకోండి, పీరియడ్ తర్వాత పీరియడ్ నిలబడే ఉంటారు, గొంతు చించుకుని చెప్తారు, సుద్దముక్క పొడికి వేళ్ళు పొడిబారిపోతాయి, నోట్‌బుక్స్ కట్టలు భుజానేసుకుని ఇంటికి తీసుకెళ్ళి రాత్రి కళ్ళు మండేదాకా దిద్దుతారు. దీన్నిబట్టే గిఫ్ట్ దొరికేస్తుంది. వేడినీళ్ళు మధ్యాహ్నం దాకా చల్లారని మంచి ఫ్లాస్క్ ఆ గొంతుకి ఎంత ఆసరా. కుర్చీలో వేసుకునే మెత్తటి దిండు. నోట్‌బుక్స్ బరువుకి తెగిపోని గట్టి బ్యాగ్. చేతులకి రాసుకునే క్రీమ్. చెయ్యి లాగకుండా సాఫీగా రాసే ఎర్ర పెన్నులు ఒక డబ్బా, అవును ఎర్ర పెన్నులే, ఏడాదికి ఎన్ని కావాలో మనకి తెలీదు గానీ చాలామంది సొంత డబ్బుతోనే కొనుక్కుంటారు. మంచి గొడుగైతే చెప్పక్కర్లేదు, శ్లోకంలో ఉన్నదే.

వస్తువులే అక్కర్లేదు కూడా. క్లాస్ లైబ్రరీకి ఒక కథల పుస్తకం కొనిచ్చి మొదటి పేజీలో మీ పిల్ల చేత్తో "మా టీచర్ గుర్తుగా" అని రాయించండి. చార్టులు కత్తిరించడానికో, పుస్తకాలకి అట్టలేయడానికో ఒక శనివారం వెళ్ళి కూర్చోండి. ఆ టీచర్ ఎంత బాగా చెప్తున్నారో హెడ్‌మాస్టర్‌కి ఒక ఉత్తరం రాయండి, కంప్లైంట్ చెయ్యడానికైతే ఎంత తొందరగా రాస్తామో మనకి తెలుసు కదా. డ్రాయింగ్ టీచర్, పీఈటీ సార్, లైబ్రరీ చూసుకునేవాళ్ళు, వీళ్ళని మాత్రం దయచేసి మర్చిపోకండి, క్లాస్ టీచర్ టేబుల్ నిండిపోతుంటే పక్కన వీళ్ళ చేతులు ఖాళీగా ఉండడం చూస్తే ప్రాణం చివుక్కుమంటుంది.

ఇక ఎలా ఇవ్వాలి అన్నదానికీ అదే అనువాకంలో కొంచెం ముందుకెళ్తే జవాబుంది. శ్రద్ధయా దేయం, అశ్రద్ధయాఽదేయం, శ్రియా దేయం, హ్రియా దేయం, భియా దేయం, సంవిదా దేయం. శ్రద్ధతో ఇవ్వు, శ్రద్ధ లేకపోతే ఇవ్వకు, ఉన్నదాన్నిబట్టి ఇవ్వు, సిగ్గుతో ఇవ్వు, భయంతో ఇవ్వు, స్నేహంగా ఇవ్వు. ఇవ్వడానికి సిగ్గెందుకు భయమెందుకు అని చాలాకాలం నాకు అర్థంకాలేదు. హ్రియా అంటే ఇంత ఇస్తున్నా చూడండి అన్న భావం రాకుండా ఇవ్వడం అనుకుంటున్నా. క్లాసంతా చూస్తుండగా ఒక పాప పెద్ద ప్యాకెట్ ఇస్తే, వెనక బెంచీలో చేత్తో చేసిన కార్డు పట్టుకున్న పిల్లాడు దాన్ని నెమ్మదిగా పుస్తకంలో దాచేసుకుంటాడు. వాడి కార్డు కోసమైనా మన ప్యాకెట్ ఎవరూ లేనప్పుడు ఇవ్వాలి. భియా అంటే, నేనిచ్చేది పుచ్చుకునేవాళ్ళకి బరువవుతుందేమో, ఇబ్బందిలో పెడుతుందేమో అన్న జంకు. చాలా స్కూళ్ళలో టీచర్లు గిఫ్ట్‌లు తీసుకోకూడదని రూల్ ఉంటుంది, అది ముందే కనుక్కోవడం కూడా ఈ భియాలోకే వస్తుంది.

అందరూ కలిసి డబ్బులేసుకునేటప్పుడు కూడా ఇదే నా మనవి, తలా ఇంత అని ఫిక్స్ చెయ్యొద్దు, ఎవరెంత ఇచ్చారో గ్రూప్‌లో లిస్ట్ పెట్టొద్దు. శక్త్యా అన్నాడు మనువు, ఎవరి శక్తి వాళ్ళది. ఇవ్వలేనివాళ్ళ పిల్ల పేరు కూడా కార్డు మీద అందరి పేర్ల మధ్యే ఉండాలి.

కాళిదాసు రఘువంశం ఐదో సర్గలో కౌత్సుడి కథ ఉంది కదా, చదువయ్యాక గురుదక్షిణ ఏమివ్వను అని అడిగితే వరతంతు మహర్షి నీ భక్తే చాలు నాయనా అన్నాడు, ఇతను వినకుండా మళ్ళీ మళ్ళీ అడిగాడు, ఆయనకి కోపమొచ్చి 14 విద్యలు నేర్పాను కాబట్టి 14 కోట్లు తే అన్నాడు. రఘుమహారాజు దగ్గర అప్పటికి మట్టిపాత్ర తప్ప ఏమీ మిగల్లేదు, కుబేరుడు బంగారం కురిపిస్తే గానీ ఆ మాట తీరలేదు. నాకెప్పుడూ ఆ మొదటి జవాబు దగ్గరే మనసు నిలుస్తుంది. గురువు అప్పటికే లెక్కేసుకుని ఇదే చాలు అన్నాడు, పాపం కౌత్సుడికి అది నమ్మబుద్ధి కాలేదు.

మనకీ అంతే, ఒక ఉత్తరం సరిపోతుందంటే నమ్మబుద్ధి కాదు.

నాకు నమ్మకం ఎలా కుదిరిందో చెప్తా. మా పాపకి కూడికలు చెప్తున్నా ఒకరోజు, ఎనిమిది ప్లస్ ఐదు దగ్గర తికమకపడుతుంటే నోటికి వచ్చేసింది, "పెద్ద నంబర్ మనసులో, చిన్న నంబర్ వేళ్ళ మీద, ఇప్పుడు మనసు తర్వాతి నుంచి లెక్కపెట్టు" అని. అంటూనే నా కుడిచెయ్యి గుండె మీదకి వెళ్ళింది, ఎడమచేతి వేళ్ళు ఐదూ లేచాయి. ఆ చెయ్యి గుండె మీద పెట్టుకోవడం నాది కాదు, ఒకటో క్లాసులో మా లెక్కల టీచర్‌ది. ఎనిమిదిని అక్కడ పెట్టి జాగ్రత్తగా పట్టుకోమనేవారు, పడిపోతుందన్నట్టు. ముప్పై ఏళ్ళుగా ఆవిడని నేను తలుచుకోలేదు, నా చెయ్యి మాత్రం మర్చిపోలేదు. ప్రజాతంతు అంటే పెద్దలు చెప్పే అర్థం వంశమే, కానీ ఆరోజు నాకు ఆ దారం అలా కనపడింది, ఆవిడ చేతి నుంచి నా చేతికి, నా నుంచి పాపకి.

అదే రాశా ఉత్తరంలో. మీరు గొప్ప టీచర్, మీ ఋణం తీర్చుకోలేను లాంటివేమీ రాయలేదు, ఎనిమిదిని గుండె మీద పెట్టడం గురించే రాశా, పాప ఇప్పుడు అలాగే చేస్తోందని రాశా, పాప చేసిన కూడికల కాగితం ఒకటి మడిచి పెట్టా, అందులో ఒకటి తప్పు కూడా ఉంది, దిద్దకుండా అలాగే పంపించా. అడ్రస్ కనుక్కోవడానికే రెండు వారాలు పట్టింది.

ఫోన్ వచ్చింది. గొంతు కాస్త వణుకుతోంది గానీ ఆవిడే. బాగున్నావా అమ్మా అన్నారు, కాసేపు ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేకపోయా. తర్వాత కాగితం గలగల వినిపించింది. "ఆరో లెక్క తప్పు చేసింది చూశావా, మనసులో పెట్టిన నంబర్‌ని కూడా కలిపి లెక్కపెట్టేస్తోంది, నువ్వూ ఇలాగే చేసేదానివి. ఏదీ, ఫోన్ దానికివ్వు" అన్నారు.

పాప ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే లేపుతూ తొమ్మిది, పది, పదకొండు అంటోంది.