స్పీడ్ సంగతి చివర్లో అడుగుతున్నాను

కొన్నేళ్లుగా ఇళ్లకి ఫైబర్ ఇచ్చే పనిలో ఉన్నాను. కొత్త కనెక్షన్ అడిగినవాళ్లని మేమంతా ముందు అడిగేది ఒకటే, ఎంత స్పీడ్ కావాలని. ఈ మధ్య ఆ ప్రశ్నని చివరికి జరిపాను. ఇంట్లో ఎవరుంటారు, నెట్‌తో ఏం చేస్తారు, కరెంటు ఎలా ఉంటుంది, పెట్టె ఎక్కడ పెడతారు, ఇవన్నీ తెలిశాకే స్పీడ్.

ఇలా మారడానికి కారణం ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ ఇచ్చాం, సిగ్నల్ కూడా చక్కగా ఉంది. వారం తిరక్కుండానే ఫోన్ పనిచేయలేదని వాళ్లబ్బాయి టెన్షన్‌తో ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే లైన్‌లో ఏ లోపమూ లేదు, ఆ రాత్రి కరెంటు పోయిందంతే. రాగి తీగ ఫోన్‌కి కావాల్సిన కరెంటు ఎక్స్ఛేంజి నుంచి ఆ తీగలోనే వచ్చేది కాబట్టి ఇల్లంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు మాత్రమే, ఆ వెలుతురుని ఇంట్లో నెట్‌గా, ఫోన్‌గా మార్చే పెట్టె ఓఎన్‌టీ. అది నడవాలంటే గోడ ప్లగ్‌లో కరెంటు ఉండాల్సిందే. ఆవిడకి అందరికంటే ముందు కావాల్సింది ఒక చిన్న బ్యాటరీ బ్యాకప్. అది మేం మొదటి రోజే పెట్టి ఉండాల్సింది, ఆ బాధ నాకింకా ఉంది.

అప్‌లోడ్ విషయంలోనూ ఇంతే. ఇళ్లకి ఫైబర్ ఇచ్చే జీపాన్ పద్ధతిలో ఎక్స్ఛేంజి వైపు ఒక పోర్టుకి డౌన్‌లోడ్ సెకనుకి 2.488 గిగాబిట్లు, అప్‌లోడ్ 1.244, దాన్ని ఒక ఫైబర్‌లోని వెలుతురుని చాలా ఇళ్లకి చీల్చే స్ప్లిటర్ ద్వారా 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకుంటాయి. అందరూ ఒకేసారి లాగరు కాబట్టి సినిమాలు చూసే ఇళ్లకి మామూలుగా ఇబ్బంది రాదు. కానీ రోజంతా కెమెరాల వీడియోని క్లౌడ్‌కి పంపేవాళ్లు, పెద్ద పెద్ద ఫైళ్లు ఎక్కించే ఎడిటర్లు ఒకే స్ప్లిటర్ మీద ఎక్కువమంది చేరితే అప్‌లోడ్ దారి ఇరుకైపోతుంది. వాళ్లవరకు జీపాన్ తర్వాతి తరమైన ఎక్స్‌జీఎస్ పాన్‌కి మార్చొచ్చు. అందులో రెండువైపులా 10 గిగాబిట్ల స్థాయి, పైగా వేరే తరంగదైర్ఘ్యాలు వాడుతుంది కాబట్టి అదే ఫైబర్, అదే స్ప్లిటర్ మీద జీపాన్ పక్కనే నడుస్తుంది. ఇళ్ల ఫైబర్లన్నీ ఎక్స్ఛేంజి వైపు వచ్చి చేరే ఓఎల్‌టీ దగ్గర పరికరాలు, ఆ ఇంట్లో ఓఎన్‌టీ మారితే చాలు, వీధి తవ్వే పని లేదు.

అసలు లెక్క కుదరనిది దూరం దగ్గర. జీపాన్ పరికరాల్లో క్లాస్ బీ ప్లస్ అనే రకంలో మనం ఖర్చుపెట్టగలిగే లాస్, అంటే దారిలో తగ్గిపోయే వెలుతురు, 28 డీబీ (డెసిబెల్‌లు). 64 ఇళ్ల స్ప్లిటరే దాదాపు 21 తినేస్తుంది, అప్‌లోడ్ వెళ్లే 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కిలోమీటరుకి సుమారు 0.35 పోతుంది, అంటే 20 కిలోమీటర్లకి ఇంకో 7. మొత్తం అయిపోయింది, కనెక్టర్లకి, ఫైబర్ ముక్కల్ని అతికించే స్ప్లైసింగ్‌కి ఏమీ మిగల్లేదు. అపార్ట్‌మెంట్లలో బాగా నడిచిన డిజైన్‌నే తీసుకెళ్లి దూరదూరంగా ఉన్న ఇళ్ల మీద పెడితే జరిగేది ఇదే. అక్కడ 16 ఇళ్ల స్ప్లిటర్‌తో ఆపాలి, దాని లాస్ 14 దగ్గరే. రోడ్డు పొడవునా వరసగా ఒక్కో ఇల్లు ఉంటే సమానంగా పంచే స్ప్లిటర్ కంటే ట్యాప్ నయం, 10 శాతం వెలుతురు ఆ ఇంటికి ఇచ్చి మిగతా 90 శాతం ముందుకి పంపుతుంది. పోర్టుకి ఇళ్లు తక్కువైతే ఖర్చు ఎక్కువ, నిజమే. అయినా చివరి ఇంటికి వానొచ్చినప్పుడల్లా సిగ్నల్ పోయే లైన్ ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ఇంటి లోపల మాత్రం మామూలు ఫైబర్ వద్దు. జీ.657.ఏ2 రకం 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థం వరకు వంపుని తట్టుకుంటుంది, తలుపు మూలల్లో, అలమారా వెనక అదే కావాలి. ఓఎన్‌టీ కేబుల్ వచ్చిన గుమ్మం పక్కనే ఉండాలని రూలేమీ లేదు. చదువుకునే గది ఇంటి ఆ చివర ఉండి మధ్యలో రెండు కాంక్రీటు గోడలుంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై అక్కడికి చేరేసరికి నీరసపడిపోతుంది, కట్టిన బిల్లంతా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు కేబుల్ కోసే ముందు ఆ గదిలోకి వెళ్లి నిలబడి, ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటారో చూపించమని అడుగుతున్నాను.