మిల్డ్యూరా ద్రాక్షతోటలో పనికి ముందు టాక్స్ నంబర్

2025 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో దిగాను. ఆస్ట్రేలియాలో తిరుగుతూ పని కూడా చేసుకోనిచ్చే 462 నంబర్ వర్క్ అండ్ హాలిడే వీసాకి 2024 అక్టోబర్‌లో మన ఇండియా వాళ్ళకి మొదటిసారి బ్యాలెట్, అంటే లాటరీ, పెట్టారు కదా, ఏడాదికి 1000 మందికి, 18 నుంచి 30 ఏళ్ళ వయసు వాళ్ళకి, అందులో పేరొచ్చి వెళ్ళినదాన్ని. ఈ వీసా మీద ఏ ఊళ్ళు చూడాలో, ఏ తోటలో పని దొరుకుతుందో చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. పనిలో చేరేముందు పెట్టుకోవాల్సిన టాక్స్ ఫైల్ నంబర్ గురించి, అంటే మన పాన్ లాంటిది, అక్కడ అందరూ టీఎఫ్‌ఎన్ అనేదాని గురించి, వివరంగా చెప్పినవాళ్ళు నాకు కనపడలేదు. అందుకే రాస్తున్నా.

మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా పెద్దమ్మగారి అబ్బాయి వాళ్ళింట్లో దిగాను. స్నానం చేసి వచ్చేసరికి వదిన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "ముందు టీఎఫ్‌ఎన్‌కి అప్లై చేసెయ్యమ్మా, సిటీ తర్వాత చూద్దువుగాని" అంది. గుంటూరులో ఉన్నప్పుడే ఈ పని అయిపోతే బాగుండేది కానీ కుదరదు, ఆస్ట్రేలియాలో అడుగుపెట్టాకే అప్లై చెయ్యాలి, పాస్‌పోర్టు, వీసా వివరాలు వాళ్ళ ఇమ్మిగ్రేషన్ రికార్డులతో సరిచూస్తారు. టాక్స్ ఆఫీసు, అంటే ఏటీవో, దాని సొంత సైట్‌లో పైసా ఖర్చు లేదు. వెతికితే ఫీజు తీసుకుని చేసిపెట్టే సైట్లు కూడా వస్తాయి, వాటి జోలికి పోనక్కర్లేదు.

మనవాళ్ళు జాగ్రత్తగా ఉండాల్సింది పేరు దగ్గర. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. అప్లికేషన్‌లో పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే, స్పెల్లింగుతో సహా రాయాలి. తర్వాత మిల్డ్యూరా హాస్టల్లో కలిసిన వరంగల్ అబ్బాయి డిగ్రీ సర్టిఫికెట్ చూసి రాశాడట, వివరాలు కలవక అతని అప్లికేషన్ ఆగిపోయింది, పాపం పని దొరికే టైములో ఫోన్లు చేసుకుంటూ కూర్చున్నాడు.

ఇంకొకటి అడ్రసు. నంబర్ ఈమెయిల్‌కో ఫోన్‌కో రాదు, పోస్టులో ఉత్తరంగా వస్తుంది, 28 రోజుల దాకా పట్టొచ్చు. ఈ వీసా మీద తిరిగేవాళ్ళం ఆ లోపు ఎన్ని హాస్టళ్ళు మారతామో ఎవరికి తెలుసు. అందుకే టార్నీట్ అడ్రసే ఇచ్చి, చివర్లో వచ్చిన రిఫరెన్స్ నంబర్ రాసిపెట్టుకున్నాను.

తర్వాత మిల్డ్యూరా. మెల్‌బోర్న్ నుంచి ఐదొందల కిలోమీటర్ల పైనే, రైలూ బస్సూ మారి వెళ్ళాలి. దారిపొడుగునా కోతలైపోయిన గోధుమ పొలాలు, ఎర్రమట్టి, మనిషి కనపడడు. మర్రీ నది దగ్గరికొచ్చేసరికి ఒక్కసారిగా పచ్చగా ద్రాక్షతోటలు మొదలవుతాయి, ప్రాణం లేచొచ్చింది.

అక్కడ ఒక కాంట్రాక్టర్ "టీఎఫ్‌ఎన్ ఎందుకు, ఏబీఎన్ తీసుకో, రేపే పనిలోకి రా" అన్నాడు. ఏబీఎన్ సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళ నంబర్. ఎన్నింటికి రావాలో, ఏ వరుసలో కొయ్యాలో వాళ్ళు చెప్తుంటే, వాళ్ళ కత్తెరతో వాళ్ళ తోటలో కోసే మనిషి వ్యాపారి ఎలా అవుతుంది? ఏబీఎన్ పేరు చెప్పి సూపర్ అనే రిటైర్మెంట్ డబ్బు ఎగ్గొడతారు, టాక్స్ లెక్క మన నెత్తిన పడుతుంది, దెబ్బ తగిలితే దిక్కుండదు. డబ్బు అవసరం ఎంతున్నా దానికి ఒప్పుకోవద్దని గట్టిగా చెప్తున్నా. నేను వద్దని ఇంకో తోటకి వెళ్ళాను.

ఆ తోట ఆఫీసులో టీఎఫ్‌ఎన్ డిక్లరేషన్ ఫారం ఇచ్చారు. నంబర్ ఇంకా రాకపోయినా అప్లై చేశానని అందులో టిక్ పెడితే చాలు, నంబర్ ఇవ్వడానికి 28 రోజులు టైముంటుంది, అప్పటిదాకా జీతంలో పన్ను మామూలు రేటుకే కోస్తారు. ఈ వీసా మీద పనిచేసేవాళ్ళకి అది మొదటి 45,000 డాలర్ల దాకా 15 శాతం. అప్లై కూడా చెయ్యకపోతే 45 శాతం పోతుంది, అంటే వెయ్యి డాలర్లకి 150 పోయేచోట 450 పోతుంది. యజమాని ఈ వీసా వాళ్ళని పెట్టుకోవడానికి ఏటీవోలో రిజిస్టర్ చేసుకుని ఉండాలి, లేకపోతే మొదటి డాలర్ నుంచే 30 శాతం పట్టుకుంటారు. చేరేముందే అడగండి, అడిగితే ఎవరూ తప్పు పట్టుకోరు.

పని తెల్లవారకముందే మొదలు. గుత్తిని కాడ దగ్గరే పట్టుకోవాలి, పండు మీద తెల్లగా బూడిదలా ఉండే పొర వేలికి అంటితే మచ్చ పడుతుంది, ఆ గుత్తి పెట్టెలోకి పనికిరాదు. చితికినవి, ఎండిపోయినవి మొన తేలిన కత్తెరతో ఒక్కొక్కటే తీసేసి, కాడలు కిందికి రాకుండా పేర్చాలి. మధ్యాహ్నానికి ఎండ నెత్తి మాడ్చేస్తుంది.

అలా వరుసలో ఉండగానే వదిన ఫోన్. ఉత్తరం వచ్చింది, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టనా అంది. "వద్దు వదినా, చదివి చెప్పండి, రాసుకుంటా" అన్నాను. ఈ నంబర్‌తో మన పేరు మీద ఎవరేం చేస్తారో తెలీదు, ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేది కాదు, ఉద్యోగానికి పంపే బయోడేటాలో కూడా పెట్టకూడదు. తొమ్మిదంకెలు మూడేసి చొప్పున చదివింది, నేను తిరిగి చదివి వినిపిస్తుంటే పక్కనుంచి అన్నయ్య మళ్ళీ సరిచూశాడు. సాయంత్రం ఆఫీసులో ఇచ్చేశాను.

జూన్ 30కి వాళ్ళ ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, సొంతంగా రిటర్న్ వేసుకునేవాళ్ళకి అక్టోబర్ 31 దాకా గడువు. కట్టిందంతా తిరిగొస్తుందని హాస్టళ్ళలో చెప్పుకుంటారు, అది నమ్మి ఖర్చులు పెట్టుకోకండి. అక్కడి స్థానికులకి 18,200 డాలర్ల దాకా పన్ను ఉండదు, ఈ వీసాలో పని చేసి సంపాదించినదానికి ఆ వెసులుబాటు లేదు. దేశం విడిచి వచ్చేశాక సూపర్ డబ్బు అడిగి తీసుకోవచ్చు కానీ అందులో 65 శాతం పన్నుకి పోతుంది. ఎండలో అంత ఒళ్ళు వంచినవాళ్ళ దగ్గర అంత పట్టుకోవడం అన్యాయం అనే అంటాను. అయినా మిగిలిన 35 శాతం మనదే, అడక్కుండా వదిలెయ్యకండి.

నంబర్ మాత్రం జీవితాంతం ఒక్కటే. మామిడి సీజన్‌కి క్వీన్స్‌లాండ్‌లోని బోవెన్ వెళ్ళినప్పుడు మళ్ళీ అప్లికేషన్, ఉత్తరం కోసం ఎదురుచూపులు ఏమీ లేకుండా ఫారంలో అదే నంబర్ రాసిచ్చి పనిలోకి వెళ్ళిపోయాను.