ముగ్గురి జాబితాకు ముందు గడిచే ముప్పై ఏళ్లు

రాష్ట్ర డీజీపీ పదవీకాలం ముగియవస్తోందంటే చాలు, ఢిల్లీకి ఏయే పేర్లు వెళ్లాయి, కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ (యూపీఎస్సీ) ఏ ముగ్గురిని ఖరారు చేసింది, ఆ ముగ్గురిలో ప్రభుత్వం ఎవరి వైపు మొగ్గుతుంది అన్న చర్చ హైదరాబాదు పత్రికల్లోనూ టీవీల్లోనూ వారాల తరబడి సాగుతుంది. ఎస్సైగా చేరి డీఎస్పీగా పదవీ విరమణ చేసిన నాకు, ఆ చర్చ వింటున్నప్పుడల్లా అసలు ఎంపిక ఏనాడో జరిగిపోయిందని అనిపిస్తుంది. ఆ ముగ్గురూ ఎలాంటి అధికారులుగా తయారయ్యారన్నది అంతకు ముందు ముప్పై ఏళ్లలో వారికి దక్కిన పోస్టింగులు, వారి పైన పనిచేసిన అధికారులు, వారి గురించి ఎవరూ చదవని నివేదికలు కలిసి తేల్చేస్తాయి. ఆ ముప్పై ఏళ్ల గురించి మనం మాట్లాడుకోకపోవడమే నా బాధ.

చట్టం వైపు నుంచి జరిగిన మేలును తక్కువ చేయను. ఉత్తరప్రదేశ్, అస్సాం డీజీపీగా, సరిహద్దు భద్రతా దళం అధిపతిగా పనిచేసిన ప్రకాశ్ సింగ్ 1996లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్ 22న తీర్పు చెప్పింది. అత్యంత సీనియర్లలో నుంచి యూపీఎస్సీ ఎంపిక చేసిన ముగ్గురిలో ఒకరినే డీజీపీగా నియమించాలని, సర్వీసు కాలం, మంచి రికార్డు, దళాన్ని నడిపించడానికి తగిన విస్తృత అనుభవం చూసి ఆ ముగ్గురిని ఎంచాలని, నియమితుడైనవారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని అందులో ఆదేశించింది. తాత్కాలిక డీజీపీలతో రాష్ట్రాలు కాలం గడుపుతుంటే, 2018లో ఆ పద్ధతి కూడదని చెప్పింది. కనీసం ఆరు నెలల సర్వీసు మిగిలినవారినే పరిశీలించాలని 2019లో స్పష్టం చేసింది. ఇవన్నీ అవసరమైన కంచెలే. అయితే కంచె దొంగను ఆపగలదు గాని పంట పండించలేదు. విస్తృత అనుభవం ఉన్నవారిని ఎంచుకోమని కోర్టు చెప్పింది. ఆ అనుభవం అధికారులకు ఒక పద్ధతి ప్రకారం దొరికేలా చూడవలసింది ప్రభుత్వమూ, శాఖా.

ఆ పద్ధతి ఇప్పటికీ లేదు. శాఖలో మేము రోజూ వాడే మాటల్లో చెప్పాలంటే, పోస్టింగులు రెండు రకాలు: అందరూ కోరుకునే ఫోకల్, పక్కన పెట్టినట్టుండే లూప్ లైన్. జిల్లా ఎస్పీ, కమిషనరేట్‌లో జోన్ డీసీపీ, ఇంటెలిజెన్స్ వంటివి ఫోకల్. ట్రైనింగ్ కాలేజీ, పోలీస్ కంప్యూటర్ విభాగం, హోంగార్డ్స్, రైల్వే పోలీసు వంటివి లూప్ లైన్. ఎవరైనా మంచి అధికారిని ట్రైనింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వేస్తే, "సారుకు ఎక్కడ తేడా వచ్చింది" అని కింది సిబ్బంది గుసగుసలాడటం నేను ఎన్నోసార్లు విన్నాను. దేశమంతటి ఐపీఎస్ అధికారులను తీర్చిదిద్దే సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ 1975 నుంచి మన శివరాంపల్లిలోనే ఉంది. రాష్ట్ర పోలీసు అకాడమీ హిమాయత్‌సాగర్ దగ్గర ఉంది. అలాంటి ఊళ్లో శిక్షణ పోస్టింగును శిక్షగా చూసే అలవాటు పోకపోవడం నన్ను నిజంగా కలచివేస్తుంది. రేపటి ఎస్పీలకు, ఎస్సైలకు పాఠం చెప్పే కుర్చీలో అలిగి కూర్చున్న మనిషి ఉంటే, అతని దగ్గర నేర్చుకున్నవారు ముందుగా నేర్చుకునేది ఆ అలకనే.

నాయకులను తయారు చేయడం మనకు చేతకాదని మాత్రం అనను. ఉమ్మడి రాష్ట్రంలో 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక దళం గ్రేహౌండ్స్‌ను నిర్మించారు. ఆయనను 1993 జనవరిలో లాల్ బహదూర్ స్టేడియంలో కాల్చి చంపారు. ఆ దళం చర్యలపై పౌరహక్కుల సంఘాలు లేవనెత్తిన ప్రశ్నలు గంభీరమైనవి, వాటికి వేరే చోటు కావాలి. ఇక్కడ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: యువ ఐపీఎస్ అధికారులను ఆ దళంలో అసాల్ట్ కమాండర్లుగా, అంటే దాడి బృందాల నాయకులుగా, వేసే ఆనవాయితీ. కొత్తగా వచ్చిన అధికారి కానిస్టేబుళ్లతో సమానంగా బరువు మోస్తూ, వాళ్లు తినే పొడి తిండే తింటూ, రాత్రిళ్లు వాళ్ల పక్కనే నేల మీద పడుకుంటూ అడవిలో నడవాలి. వర్షంలో తడిసిన బూట్లతో మూడో రోజు మనిషి ఎలా నడుస్తాడో తెలిసిన అధికారి, తర్వాత ఎస్పీ అయ్యి గణేశ్ నిమజ్జనానికి బందోబస్తు వేసేటప్పుడు మనుషులను షిఫ్టులుగా మారుస్తాడు, వాళ్లకు అన్నం పొట్లాలు ఎన్ని గంటలకు అందాయో అడుగుతాడు. అలా అడగని అధికారుల కింద బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా రోడ్డు మీద ముప్పై గంటలు నిలబడ్డ సిబ్బందిని కూడా చూశాను. ఈ తేడా తరగతి గదిలో వచ్చేది కాదు.

మరో చోట కూడా ఈ తేడా తెలుస్తుంది. నెలనెలా జరిగే నేర సమీక్షలో ఎక్కువమంది ఎస్పీలు స్టేషన్ల వారీగా యూఐ కేసులు, అంటే దర్యాప్తు పూర్తికాని కేసులు, ఎన్ని ఉన్నాయని అడిగి, సంఖ్య పెరిగితే తిట్టి, తగ్గితే తల ఊపి ముందుకు పోతారు. సంఖ్య తగ్గించడం సీఐలకు బాగా తెలిసిన విద్యే: దొరకని దొంగతనాలను మూసేస్తే సరి, కొత్త ఫిర్యాదును రిజిస్టర్ చేయకుండా నాలుగు రోజులు తిప్పుకుంటే సరి. నేను సీఐగా ఉన్నప్పుడు ఒక ఎస్పీ గారు సమీక్షకు ముందు ఏదో ఒక కేసు డైరీ (దర్యాప్తు రోజువారీ రికార్డు) తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చదివేవారు. ఆపై ఒకే ప్రశ్న వేసేవారు: "ఈ కేసు ఏమైందో ఫిర్యాదుదారుకు చెప్పారా, ఎవరు చెప్పారు?" ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసి వస్తుందని తెలిసిన నెలల్లో మా స్టేషన్‌లో దర్యాప్తు తీరే మారిపోయింది. రెండేళ్లు నిండకుండానే ఆయన ఆ జిల్లా నుంచి వెళ్లిపోవలసి వచ్చింది.

పనితీరు మదింపు సంగతి చూద్దాం. అఖిల భారత సర్వీసుల అధికారులకు 2007 నాటి నియమాల ప్రకారం అధికారి తన పని గురించి తాను రాసుకుంటాడు, ఆపై నివేదించే అధికారి, సమీక్షించే అధికారి, ఆమోదించే అధికారి చూస్తారు, పదికి అంకె వేస్తారు, ఆ అంకెను అతనికే చూపిస్తారు. చూపించడం న్యాయమే, పాత రహస్య నివేదికలతో బతుకులు పాడైనవారు ఎందరో. అయితే చూపించవలసి వచ్చేసరికి, రేపు ఎదురుపడతాడన్న మొహమాటంతో అందరికీ తొమ్మిదికి దగ్గరగా వేసే అలవాటు పెరిగింది. అందరికీ మంచి రికార్డే ఉంటే, ముగ్గురిని ఎంచే కమిటీకి మిగిలేది సీనియారిటీ ఒక్కటే. ఈ నివేదికల్లో కింది నుంచి వచ్చే మాటకు చోటు లేదు. ఎస్పీ ఎలాంటివాడో అతని పైవాడికంటే అతని కింద పనిచేసిన సీఐకే ఎక్కువ తెలుసు. పేర్లు బయటపడకుండా కిందివారి అభిప్రాయం కూడా తీసుకుంటే, పగ తీర్చుకునే మాటలు కొన్ని వస్తాయి, నిజమే. కాని వేర్వేరు జిల్లాల్లో, వేర్వేరు ఏళ్లలో ఒకే మాట వినిపిస్తే అది పగ కాదు.

ఇక కింది నుంచి పైకి వచ్చేవారి విషయం. హిమాయత్‌సాగర్ అకాడమీకి ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ రాజా బహదూర్ వెంకటరామారెడ్డి నిజాం కాలంలో అమీన్‌గా, అంటే ఠాణా స్థాయి అధికారిగా, ఉద్యోగం మొదలుపెట్టి, 1920లో హైదరాబాదు కొత్వాల్ (నగర పోలీసు అధిపతి) అయ్యారు. నేటి ఎస్సైకి అలాంటి దారి కాగితం మీదే ఉంది. ఐపీఎస్‌లో మూడో వంతు వరకు రాష్ట్ర అధికారులతో నింపవచ్చు, కాని ఎస్సైగా చేరినవారిలో ఎక్కువమంది డీఎస్పీ, అదనపు ఎస్పీ దగ్గరే ఆగిపోతారు. ఐపీఎస్ హోదా దక్కే కొద్దిమందికీ యాభై దాటాకే దక్కుతుంది. స్టేషన్‌ను లోపలి నుంచి ఎరిగినవారు విధానాలు రాసే గదికి చేరరు. ఇంగ్లండులో దాదాపు అందరూ కానిస్టేబుల్ నుంచే పైకి వస్తారు. బయటివారిని నేరుగా సూపరింటెండెంట్లుగా తీసుకునే పథకాన్ని అక్కడ 2014లో ప్రారంభించి 2019లో ఆపేశారు. మన దేశం, మన సర్వీసు వేరు, ఆ పద్ధతిని ఉన్నపళంగా తెచ్చుకోమనను. అయితే డీఎస్పీలకూ, సైన్యం, కేంద్ర బలగాల యువ అధికారులకూ పరిమిత పోటీ పరీక్ష పెట్టి ఐపీఎస్‌లోకి తీసుకోవాలని 2012లో చేసిన ప్రయత్నం న్యాయ వివాదాల్లో చిక్కుకుని ముందుకు సాగలేదు. దాన్ని అక్కడితో వదిలేయడం సరికాదు. నలభై లోపు వయసున్న, స్టేషన్ నడిపిన డీఎస్పీలకు మాత్రమే ఆ పరీక్ష తెరిచి, కేసు డైరీలు రాసిన తీరునూ, కింద పనిచేసినవారి అభిప్రాయాన్నీ మార్కుల్లో కలిపితే, మరో పదిహేనేళ్లకు యూపీఎస్సీ ముందుకు వెళ్లే జాబితాలో ఠాణాలో రాత్రి డ్యూటీ చేసిన పేరు ఒకటైనా ఉండే వీలుంటుంది. రాష్ట్ర ప్రభుత్వం ఈ ప్రతిపాదనను కేంద్ర హోంశాఖకు రాతపూర్వకంగా పంపాలని, అకాడమీలో పాఠాలు చెప్పిన సేవను డీఐజీ పదోన్నతికి తప్పనిసరి అర్హతగా చేయాలని నా విజ్ఞప్తి.