పండగయ్యాక చూద్దాంలే

మా అత్త చుట్టాల ముందు నా గురించి ఒక మాట అంటుంది: "మా కోడలు ఎంగిలి చేత్తో కాకిని తోలదు." నా ఎదురుగానే అంటుంది, నవ్వుతూనే అంటుంది. నేనూ నవ్వేస్తాను. అబద్ధమైతే గదా కోపం వచ్చేది.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో పద్దెనిమిదేళ్ల నుంచి జాకెట్లు కుడుతున్నా. కత్తెర పట్టినవాళ్లకి కొలత ఒంట్లోకి వచ్చేస్తుంది. గుడ్డ పరిచిన వెంటనే చేతులకి ఎంత పోతుంది, పట్టీలకి ఎంత పోతుంది, చివర్లో పిల్లల గౌనుకి పైపింగ్ ముక్క మిగులుతుందా లేదా అని కళ్లే చెప్పేస్తాయి. ఆ కళ్లే అన్నం గరిటె మీదా పడతాయి, బియ్యం డబ్బా మీదా పడతాయి.

ధనుర్మాసంలో తెల్లారకముందే మా వీధికి హరిదాసు వస్తాడు. ఒక చేత్తో తంబుర, ఇంకో చేత్తో చిడతలు, నెత్తిన బంతిపూల దండ చుట్టిన రాగి గిన్నె. మనం గడప దాటి పోతే మోకాలి మీద వంగుతాడు, బియ్యం పోస్తాం, లేస్తాడు, పోతాడు. ఇంత అని అడగడు. గిన్నె నెత్తిన ఉంటుంది గనక ఎంత పోశామో ఆయనకి కనపడదు. ఇంటికి పోయేదాకా దాన్ని దించకూడదంట. నేను పోసేది టీ గ్లాసుతో, అదీ అంచు దాకా కాదు. మా అత్త ఆ గ్లాసు ముట్టుకోదు. రెండు చేతులూ డబ్బాలో ముంచి దోసిలి నిండా తెస్తుంది. గడప దగ్గర నాలుగు గింజలు రాలినా ఊడ్చనివ్వదు, పిచికలకంట.

ఆమె పుట్టిల్లు పెన్నకి అవతల, కోవూరు పక్క పల్లె. సంక్రాంతి అంటే కొత్త ధాన్యం ఇంటికొచ్చే పండగ అని బళ్లో చదువుకున్నాం గానీ, మా డెల్టాలో అట్టా కుదరదు. పండగ నాటికి కయ్యల్లో పైరు ఇంకా పచ్చగానే ఉంటుంది, కోతలు మార్చి, ఏప్రిల్‌లో. అంటే పాత గింజలు అడుగంటే రోజుల్లోనే హరిదాసులూ గంగిరెద్దులూ వరసబెట్టి వచ్చేది. "అప్పుడే గదమ్మా దోసిలి సంగతి తెలిసేది" అంటుంది మా అత్త. ఇట్టాంటి వాటికి నా దగ్గర జవాబుండదు. మిషను తొక్కుతూ కూర్చుంటా.

గంగిరెద్దులాయన అడిగేది బట్టలు. "పాత చీరుంటే ఇప్పియ్యి తల్లీ, బసవన్నకి కప్పుతా." మా అటక మీద ఇన్నేళ్ల కత్తిరింపులు గోతాలు గోతాలుండేవి, ఎప్పుడో పనికొస్తాయని. మూడేళ్ల కిందట ఒక గోతం దించి ఆయనకిచ్చా. మరుసటేడు ఆ ఎద్దు వీధిలోకి వచ్చినప్పుడు దాని వీపు మీది బొంత చూసి నిలబడిపోయా. నా ముక్కలన్నీ అక్కడున్నాయి. అరచేయంత కంచిపట్టు ముక్క, దాని పక్కన వాయిల్, ఆ పక్కన వెంకటగిరి చీర తాలూకు సన్న జరీ అంచు. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాకి పోయింది. మాకు మాత్రం అది ఇప్పటికీ నెల్లూరు చీరే.) ఏ ముక్క ఎవరి పెళ్లి జాకెట్టులోదో చెప్పగలను. కుట్లు కూడా చూశా, అలవాటు గదా. పొడుగు పొడుగు చేతి టాకాలు, ఒక్కటీ ఊడలేదు. ఆ గుడ్డలు నేనిచ్చినవే అని పక్కింటోళ్లకీ ఎదురింటోళ్లకీ చెప్పుకున్నా.

"అటక దులుపుకున్నావు, పుణ్యం కూడా కావాల్నా?" అంది మా అత్త.

ఇవ్వడం నాకు బొత్తిగా తెలీదని కూడా కాదు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది గదా, షాపు పెట్టిన కొత్తల్లో స్వర్ణాల చెరువులో దిగి వ్యాపార రొట్టె తీసుకున్నా. కోరిక తీరితే మళ్లీ వచ్చి రొట్టె ఇవ్వాలనేది అక్కడి పద్ధతి. షాపు నిలబడింది. పద్ధతి ప్రకారం రొట్టెలు కాల్చుకునిపోయి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ముక్కూ మొహం తెలీనోళ్లకి పంచి వచ్చా. అయితే అది బాకీ తీర్చడం. ఒకరి బాకీ ఉంచుకునే మనిషిని కాదని నా గురించి నేను గట్టిగానే అనుకునేదాన్ని.

మా షాపులో చేతికుట్టు పని ఒకామె చేస్తుంది. హెమ్మింగ్, హుక్స్, కాజాలు, అన్నీ కలిపి జాకెట్టుకి 25 రూపాయలు. పండగ నెలలో రోజుకి పదిహేను, ఇరవై తీస్తుంది. చూపుడువేలి కొస సూదిపోట్లతో జల్లెడ మాదిరి ఉంటుంది. పుస్తకంలో రాసుకుని వారానికోసారి ఇచ్చేది. పండగ ముందు మాత్రం ఆ లెక్క ఆగిపోయేది. గుడ్డల షాపులో వేలకి వేలు అప్పటికప్పుడు కట్టొచ్చే ఆడాళ్లే నా దగ్గర జాకెట్టు తీసుకునేటప్పుడు "పండగయ్యాక ఇస్తాలే అక్కా" అంటారు. సరేననక తప్పదు, కాదంటే ఇంకో టైలర్ దగ్గరికి పోతారు. వాళ్లు నాతో అన్న మాటే నేను ఆమెతో అనేదాన్ని. "పండగయ్యాక చూద్దాంలే మే."

ఆమె ఎన్నడూ గట్టిగా అడగలేదు. నిరుటి ముందేడు, సంక్రాంతి అయిన వారానికి, ఒకతను బండి షాపు ముందాపి ఆమెని బయటికి పిలిచాడు. పోయాక ఎవరని అడిగా. అప్పిచ్చినాయనంట. మూడు వేలకి నోటు రాయించుకుని, నూటికి పది వడ్డీ ముందే పట్టుకుని, 2,700 చేతిలో పెట్టాడంట. పిల్లకి బట్టలకీ, అరిసెల బెల్లానికీ. "ఏటా తీసుకుంటా గదక్కా" అంది, నాకు తెలిసిన సంగతే అన్నట్టు. ఆ రోజుకి నా పుస్తకంలో ఆమెకి రావాల్సింది 3,450.

ఆ మూడొందలు నేను తినలేదు. ఆమె కట్టింది మాత్రం నా మూలానే.

పోయిన ధనుర్మాసంలో నెల పట్టగానే షాపులో అట్టముక్క మీద రాసి తగిలించా: డబ్బులిచ్చి జాకెట్టు తీసుకుపోగలరు. ఇద్దరు ముగ్గురు మొహాలు మాడ్చుకున్నారు. ఒకామె ఆది జాకెట్టు వెనక్కి పట్టుకుపోయింది, ఇంతవరకూ రాలేదు. పోనీ. చేతికుట్టు ఆమె లెక్క ప్రతి శనివారం తీర్చేశా. భోగికి వారం ముందు మిగిలిందంతా ఇచ్చి, మీద రెండు వేలు పెట్టా. పెట్టి నోరు మూసుకున్నానా? "ఇది అడ్వాన్సు కాదు మే, ఊరికే" అని మూడుసార్లు చెప్పా.

"సరేక్కా" అని పర్సులో పెట్టుకుని, తొమ్మిదో నంబరు సూది అయిపోయింది తెప్పించమంది.

అంతే. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుందని నేను ఎదురుచూస్తున్నట్టు నాకు అప్పుడే తెలిసింది. తెలిశాక ఇంకా సిగ్గేసింది. హరిదాసు కూడా అంతేగా, లేచి పోతాడు.

భోగి ముందు రాత్రి ఆమె కూతురికి ఓణీ మీదకి మెంతిరంగు జాకెట్టు కుట్టా. పదకొండు దాటింది. నా జాకెట్టు ఎటూ కుట్టుకోలేదు. టైలర్లు పండక్కి కొత్త చీర మీద పాత జాకెట్టే వేస్తారు, ఎవర్ని అడిగినా చెప్తారు.

కనుమ సాయంత్రం ఏటి పండక్కి పెన్న ఇసకలోకి పోయాం. గొబ్బెమ్మల్ని నీళ్లలో కలిపి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర ఇసకలో కూర్చుని తినడం, చీకటి పడేదాకా పిల్లలు గంతులెయ్యడం. తల్లీకూతుళ్లు ఎదురయ్యారు. పిల్ల బాగుంది. నా కళ్లు మాత్రం తిన్నగా కుడి చెయ్యి మీదకే పోయాయి. అరంగుళం వదులు.

"పండగయ్యాక పట్టుకురా మే, సరిచేస్తా" అన్నా.

ఆమె నవ్వాపుకోలేకపోయింది. ఎందుకు నవ్వుతుందో నాకు తట్టేసరికి కాస్త టైం పట్టింది.

పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కొంగుకున్న సూది తీశా. ఎప్పుడూ రెండు గుచ్చుకునే ఉంటా, ఒకదానికి దారం ఎక్కించే ఉంటుంది. ఆ రోజున్నది ఆకుపచ్చ దారం. మెంతిరంగు మీద ఆకుపచ్చ. లోపలి వైపే గదా, పైగా మసక చీకటి, ఎవురు చూస్తారులే అనుకుని నాలుగు టాకాలు వేశా.

మా అత్త చూసింది.