గేట్: సీఎస్‌కి సీ, డీఏకి పైథాన్. రెండూ చదివేవాళ్లకి

ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో సీఎస్ (కంప్యూటర్ సైన్స్), డీఏ (డేటా సైన్స్, ఏఐ) రెండు పేపర్లూ రాద్దామనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. సీఎస్ సిలబస్‌లో ప్రోగ్రామింగ్ అంటే సీ. 2024లో మొదలైన డీఏలో పైథాన్. "లాజిక్ వస్తే చాలు, లాంగ్వేజ్ ఏదైతే ఏంటి" అని సీనియర్లు అంటుంటారు. నేనైతే ఒప్పుకోను.

లింక్డ్ లిస్ట్‌ని, అంటే ప్రతి నోడ్‌లో ఓ విలువా, తర్వాతి నోడ్ అడ్రసూ ఉండే గొలుసుని, తిరగేయమన్న ప్రశ్నే చూడండి. పైథాన్ అలవాటైన చెయ్యి విలువలన్నీ ఓ లిస్టులో వేసి, తిప్పి, మళ్లీ పేర్చేస్తుంది. జవాబు వస్తుంది గానీ అదనపు మెమరీ ఎంత పట్టిందన్నది తట్టదు. సీలో అలా చెయ్యడం అంత తేలిక కాదు. లింకు మార్చేముందు తర్వాతి నోడ్ అడ్రస్ దాచుకోకపోతే మిగతా లిస్టు చేజారిపోతుంది. అందుకే వెనకది, ఇప్పటిది, తర్వాతిది అని మూడు పాయింటర్లు (అడ్రస్ దాచుకునే వేరియబుల్స్) వాటంతటవే పుట్టుకొస్తాయి. కోడ్‌లో ఒక లైను ఖాళీ వదిలి పూరించమంటే, పట్టు దొరికేది ఇక్కడే.

అలాగని నేను సీ భక్తుణ్ణేం కాదు. డైనమిక్ ప్రోగ్రామింగ్‌కి (చిన్న సమస్యల జవాబులు దాచుకుని పెద్దదాన్ని సాధించే పద్ధతి) నాకు పైథానే నచ్చుతుంది. రికరెన్స్ (పెద్ద సమస్యను చిన్నవాటితో చెప్పే సూత్రం) రాసి, వచ్చిన జవాబులు దాచుకోడానికి పక్కన ఓ డిక్షనరీ తగిలిస్తే మెమోయిజేషన్ అయిపోయినట్టే. సీలో ఎర్రే సైజు ఎంత, ఏ వరుసలో నింపాలి అన్నది ముందే తేల్చుకోవాలి కాబట్టి బుర్ర బాటమ్-అప్ వైపు, అంటే చిన్నవాటి నుంచి పెద్దదానికి, పోతుంది. సమస్య ఒకటే, నడక వేరు. ఏపీఎల్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ సృష్టికర్త కెన్నెత్ ఐవర్సన్ 1979 ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసం మొత్తం ఈ సంగతి మీదే: మనం వాడే సంకేతాలే ఆలోచనకు పనిముట్లని. (సిలబస్‌లో లేదు, కంగారుపడకండి.)

రెండూ కలిపి చదివేటప్పుడు తికమక పెట్టేవి కొన్నున్నాయి. -7ని 2తో భాగిస్తే సీలో -3, శేషం -1. పైథాన్‌లో రెండు స్లాష్‌లు పెడితే -4, శేషం 1. న్యాట్ ప్రశ్నలో (జవాబుగా అంకె టైప్ చేసేది) నెగెటివ్ మార్కింగ్ ఉండదు గానీ, ఈ తేడా మర్చిపోతే మార్కూ ఉండదు. సీలో స్టాటిక్ వేరియబుల్, పైథాన్‌లో డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చిన లిస్ట్, రెండూ ఫంక్షన్ పాత కాల్‌లో జరిగింది గుర్తుపెట్టుకుంటాయి. వీటిని పక్కపక్కన రాసుకుని చదవండి.

పాత పేపర్లలోని సీ కోడ్ మాత్రం కాగితం మీదే ట్రేస్ చేయండి. పరీక్షలో స్క్రిబుల్ ప్యాడ్, వర్చువల్ క్యాలిక్యులేటర్ ఇస్తారు, కంపైలర్ ఇవ్వరు.