అతికించినట్టుంది అన్నాడు తమ్ముడు

ఆదివారం కాబట్టి లేటుగా లేచాను. ఫోన్ తీస్తే పిన్ని వాళ్ళబ్బాయి మెసేజ్: "అన్నా, పక్షి బాగుంది కానీ కత్తిరించి అతికించినట్టుంది." నిన్న రాత్రి పన్నెండు దాకా కూర్చుని చేసిన సిగ్నేచర్ అది, అంటే నెట్‌లో మనం రాసే పోస్టుల కింద పేరుతో కనపడే పట్టీ లాంటి బొమ్మ. 500 పిక్సెళ్ళ వెడల్పు, 150 ఎత్తు, ఎడమ పక్క కొల్లేరు గూడబాతు (పెలికాన్), కుడి పక్క నా పేరు. మనసు చివుక్కుమంది, కానీ మొహం కడుక్కొచ్చి మళ్ళీ తెరిచి చూస్తే వాడన్నది నిజమే.

ఫోటో నేను తీసిందే. పోయిన చలికాలం కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళాం. ఇనప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకుని ఎన్నో గూడబాతులు, వాటిలో ఒకటి మా పడవకి బాగా దగ్గరగా నీళ్ళలో తేలుతోంది. సాయంత్రం ఎండ ఎడమ పక్క నుంచి వాలుగా పడుతోంది, ముక్కు మీది నల్ల చుక్కలు లెక్కపెట్టొచ్చు, అంత దగ్గర. అలాంటి ఫోటోని తీసుకెళ్ళి నెట్‌లో దొరికిన బ్రష్‌తో, అంటే అచ్చులా గుద్దే ఆకారంతో, వేసిన నీలం పొగ మీద పెట్టాను. ఆ పొగలో వెలుగేమో కుడివైపు పైనుంచి వస్తోంది. పక్షికి ఎండ ఒక పక్క, వెనకాల వెలుగు ఇంకో పక్క ఉంటే ఎన్ని ఎఫెక్టులు వేసి ఏం లాభం?

సరిచేద్దామంటే రాత్రి లేయర్లన్నీ, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలన్నీ కలిపేసి పీఎన్‌జీ బొమ్మ ఒక్కటే దాచాను, నేను వాడే జింప్ ప్రోగ్రామ్‌లో లేయర్లు విడివిడిగా దాచే ఎక్స్‌సీఎఫ్ ఫైల్ లేదు. మళ్ళీ మొదటి నుంచీ కటింగే. ఈసారి ఇరేజర్ జోలికి పోలేదు, లేయర్ మాస్క్ పెట్టుకున్నాను. నలుపు పూసిన చోట బొమ్మ దాక్కుంటుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది, తప్పు పోయినా ఏదీ చెరిగిపోదు. గంటన్నర పట్టింది, మధ్యలో కరెంటు పోయి ఇంకో అరగంట.

బ్యాక్‌గ్రౌండ్ కోసం బయట వెతకడం మానేశాను. అసలు ఫోటోనే ఇంకో కాపీ తీసి, పక్షి ఉన్న చోట నీళ్ళని క్లోన్ చేసి కప్పేసి, పట్టీ నిండేలా పెద్దది చేసి, బొమ్మని మసకబరిచే గాసియన్ బ్లర్ గట్టిగా కొట్టాను. అంతే, ఆకుపచ్చ కలిసిన మట్టి రంగు నీళ్ళు, పైన పలచటి నారింజ ఆకాశం, పక్షి ఒంటి మీద ఉన్న రంగులే వెనకాలా వచ్చేశాయి. అదే ఎండలో ఉన్నవి కదా! ఇన్నాళ్ళూ పొగలు, నిప్పురవ్వలు, గాజు ముక్కలు డౌన్‌లోడ్ చేసుకుంటూ కూర్చున్నానే అనిపించింది.

ఇంక అంచు సంగతి. మెడ చుట్టూ సన్నటి తెల్ల గీత, దూరం నుంచి కనపడదు కానీ అతికించినట్టు ఉండటానికి సగం కారణం అదే. 400 శాతం జూమ్ చేసి, మాస్క్‌ని ఒక పిక్సెల్ లోపలికి లాగి, అంచుని కాస్త మెత్తబరిచాను. పొట్ట కింద, నీళ్ళు తగిలే చోట ముదురు గోధుమ రంగు లేయర్ వేసి, అది కింది లేయర్‌తో కలిసే పద్ధతి మల్టిప్లై పెట్టాను. అది రెండు రంగుల్ని గుణిస్తుంది కాబట్టి నీడ పడ్డట్టే ముదురుతుంది, ఆ పై లేయర్ తెల్లగా ఉన్న చోట ఏమీ మారదు. ఎండ కోసం దానికి సరిగ్గా తిరగేసి స్క్రీన్. నల్ల లేయర్ మీద నారింజ మచ్చ ఒకటి పెట్టి స్క్రీన్ అంటే నలుపంతా మాయమై వెలుగొక్కటే మిగులుతుంది. దాన్ని మెడ ఎడమ పక్క మీదికి కాస్త పొర్లించాను, పక్షి వెనక వెలుగు పక్షి మీదికి రాకపోతే రెండూ ఎప్పటికీ వేరుగానే ఉంటాయి.

అయినా ఏదో తేడా. అన్నం తిని వచ్చి, కళ్ళు చికిలించి చూశాను, పట్టీని బ్లాక్ అండ్ వైట్ చేసి చూశాను, వెలుగునీడలు బాగానే ఉన్నాయి. చివరికి బాగా జూమ్ చేస్తే అర్థమైంది. సాయంత్రం తీసిన ఫోటో కాబట్టి పక్షి ఒంటి నిండా సన్నటి ఇసుక చల్లినట్టు గ్రెయిన్ ఉంది, బ్లర్ కొట్టిన బ్యాక్‌గ్రౌండేమో పాలమీగడలా నున్నగా ఉంది! వెనక లేయర్‌కి కొంచెం నాయిస్, అంటే అలాంటి సన్నటి చుక్కలే కలిపాను, ఎక్కువైతే తగ్గించుకుంటూ, రెండింటి గరుకూ ఒకటయ్యే దాకా. ఒక్కసారిగా పక్షి నీళ్ళలో కూర్చుంది. ఆకాశంలో రంగు మారే చోట కనపడే చారలు కూడా దాంతోనే పోయాయి. ఇన్ని లేయర్లలో నాకు ఇవాళ బాగా నచ్చింది ఇదే.

పేరుకి తెలుపు తీసేసి, ముక్కు కింది సంచి నుంచి కలర్ పికర్‌తో లేత గులాబీ రంగు పట్టి పెట్టాను. అక్షరాల అంచులు జేపెగ్‌లో పాడవుతాయని పీఎన్‌జీలోనే ఎక్స్‌పోర్ట్ చేశాను. ఎక్స్‌సీఎఫ్ రెండు చోట్ల దాచాను.

సాయంత్రం తమ్ముడికి పంపాను. కాసేపటికి, "అన్నా, ఇది ఇంకో ఫోటోనా? నీళ్ళలో ఉన్నది కూడా తీశావా?" అని అడిగాడు. అదేరా, నిన్నటిదే అన్నాను. ఫాంట్ మాత్రం ఇంకా కుదరలేదు, 'ర' వత్తు కింద మరీ ఇరుకైపోతోంది, రేపు ఆఫీసు నుంచి వచ్చాక చూడాలి.